డోర్నకల్ అజరయ్యగారు: జీవితమే సాక్ష్యము

ధ్యాన భాగములు: మత్తయి 5:13–16, అపొస్తలుల కార్యములు 11:19–26, 1 పేతురు 3:13–16



పైన చూపిన వాక్యభాగములలో రెండవదానిని ఈ నెల మీ కుటుంబ ప్రార్థనలో నెమ్మదిగా చదువుకొనుడి. స్తెఫను చంపబడిన పిమ్మట యెరూషలేమునుండి చెదరిపోయిన విశ్వాసులు అంతియొకయ పట్టణమునకు వచ్చి ప్రభువైన యేసునుగూర్చి అక్కడివారితో చెప్పిరి. వారి పేర్లు లేఖనములో వ్రాయబడలేదు. వారు అపొస్తలులు కారు. సంఘమువలన జీతము పుచ్చుకొను బోధకులును కారు. హింసకు ఊరు విడిచి వచ్చిన సామాన్య జనులు. అయినను ఆ పట్టణములోనే శిష్యులకు క్రైస్తవులను పేరు మొట్టమొదట కలిగెను. ఆ పేరు వారు తమకు తాము పెట్టుకొనినది కాదనియు, ఇరుగుపొరుగువారు వారి మాటను, నడతను చూచి పెట్టినదనియు అనేకులు తలంతురు.

మన పేర్లు సంఘపు పుస్తకములో ఉన్నవి. కాని మన పొరుగువాడు ఆ పుస్తకమును చూడడు, మనలను చూచును. మన పేరు ఎరుగని కొత్తవాడు పది దినములు మన వాడలో కాపురముండి, మన ఇంటి మాటలను, మన కూలి లెక్కలను, మన పండుగలను చూచినయెడల, మనము క్రీస్తువారమని అతనికి తోచునా? ఈ ప్రశ్నను తెలుగు పల్లెలలోని ప్రతి విశ్వాసి ముందర ఉంచి, దానికి తన జీవితముతోనే జవాబు చెప్పిన దైవసేవకుడు ఒకరు ఉండిరి. ఆయనే డోర్నకల్ మొదటి బిషప్పు, వేదనాయకం సామ్యూల్ అజరయ్యగారు. ఆయన చరిత్ర మన సంఘములన్నిటికిని సొంత చరిత్ర. మన పిల్లలు దానిని ఎరుగవలెను.

ప్రార్థన ఫలముగా పుట్టిన కుమారుడు

అజరయ్యగారు 1874వ సంవత్సరము ఆగష్టు 17వ తేదీన తమిళ దేశమందలి తిరునెల్వేలి జిల్లాలో వెళ్లాలన్‌విళై అను చిన్న గ్రామములో పుట్టిరి. తండ్రి తోమా వేదనాయకముగారు ఆ గ్రామ సంఘపు గురువు. తల్లి పేరు ఎలెన్. చాలకాలము కుమారుడు లేక ప్రార్థించిన పిదప పుట్టిన బిడ్డ గనుక, హన్నా కుమారుని తలంచుకొని సామ్యూలని పేరు పెట్టిరి. వారిది నాడార్ కులము. తాటిచెట్లు గీచి జీవించుటయే ఆ కులములో అనేకుల వృత్తి. పై కులములవారు వారిని గుడులలోనికి రానిచ్చెడివారు కారు. సువార్త వచ్చిన పిమ్మట అదే ప్రజలు బడులు కట్టుకొని, చదువుకొని, తల యెత్తుకొని నిలిచిరి. సువార్త యొక్క శక్తి యెట్టిదో ఆ బాలుడు పుస్తకములలో చదువకముందే తన ఇంటిలోను తన ఊరిలోను చూచెను.

1889లో తండ్రి మరణించిరి. తల్లి మెజ్ఞానపురములో బాలుర వసతిగృహమును చూచుకొనుచు కుమారుని పెంచెను. ఆమె భక్తిగలది, క్రమశిక్షణయందు గట్టిది. చదువుకొను దినములలోనే అజరయ్యగారు కులభేదములను సహింపలేకపోయిరి. క్రైస్తవ విద్యార్థులు సయితము కులము చూచుకొని వేరువేరుగా మసలుట ఆయనకు ప్రభువునకు అవమానముగా తోచెను. పిమ్మట మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చేరి గణితము చదివిరి. కాని పట్టపరీక్ష సమయమునకు జబ్బుచేసినందున ఆ పరీక్షకు కూర్చుండలేదు, మరల ఆ ప్రయత్నమును చేయలేదు. పట్టము లేని ఆ మనుష్యునికి 1920లో ఇంగ్లండు దేశపు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము గౌరవ పట్టము ఇచ్చినది. మనుష్యులు మూసిన తలుపును దేవుడు తన సమయమున తెరచునని ఇందువలన నేర్చుకొందుము.

1895లో ఆయన వై.ఎం.సి.ఎ. అను క్రైస్తవ యౌవనుల సంఘములో కార్యదర్శిగా చేరి, దక్షిణ దేశమంతట తిరిగి యౌవనులకు బోధించిరి. అమెరికా దేశస్థుడైన షెర్వుడ్ ఎడ్డీగారు ఆయనకు ప్రాణస్నేహితుడైనది ఆ కాలముననే. 1898లో అన్బు మరియమ్మాళ్ అను చదువుకొనిన యువతిని వివాహమాడిరి. దక్షిణ దేశపు క్రైస్తవ స్త్రీలలో కళాశాల చదువు చదివిన మొదటివారిలో ఆమె ఒకతె. ఆ పెండ్లిలో కట్నము పుచ్చుకొనలేదు. ఖర్చు నలువది రూపాయలైనను కాలేదు. అప్పుచేసి పెండ్లి చేసి, ఆ అప్పు తీర్చలేక కొడుకును పాలేరుగా పెట్టు తండ్రులు అనేకులున్న దేశములో, ఆ పెండ్లియే యొక ప్రసంగము. అన్బు అను తమిళ మాటకు ప్రేమ యని అర్థము. ఆ పేరునకు తగినట్లే ఆమె భర్తకు జీవితాంతము సహకారిణిగా ఉండెను.

పరుల సహాయము లేక పంపిన సువార్త

1902లో అజరయ్యగారు సింహళ ద్వీపములోని యాళ్పాణము వెళ్లిరి. అచ్చటి తమిళ క్రైస్తవులు తమ సొంత ధనముతో ఇతర ప్రాంతములకు సువార్తికులను పంపుచుండుట చూచి ఆయన మనస్సు కలతపడెను. తిరునెల్వేలి సంఘములు వారికంటె పెద్దవి, పాతవి. అయినను అవి తమ ప్రాంతము దాటి ఎవరినిగూర్చియు చింతించుట లేదు. ఇంతకాలము దొరల దేశమునుండి పుచ్చుకొనుటకే చేయి చాచితిమి, ఇచ్చుటకు ఎన్నడు చాచుదుము అను భారము ఆయనను వెంటాడెను.

ఆ భారమునకు ఫలముగా 1903 ఫిబ్రవరిలో తిరునెల్వేలి భారతీయ మిషనరీ సంఘము ఏర్పడెను. పంపబడువారు భారతీయులు, ఖర్చుపెట్టు ధనము భారతీయుల కానుక, నడిపించువారును భారతీయులే కావలెనని నియమము పెట్టుకొనిరి. 1905 డిసెంబరు 25న సేరంపూరులో, విలియం కేరీగారు పనిచేసిన ఆ స్థలముననే, భారత జాతీయ మిషనరీ సంఘము స్థాపింపబడెను. దాని స్థాపకులలోను అజరయ్యగారు ముఖ్యులు.

తిరునెల్వేలివారు తమ పనికి ఎంచుకొనిన పొలము ఏది? నైజాము రాజ్యములోని డోర్నకల్ ప్రాంతము. నేడది తెలంగాణ రాష్ట్రమున మహబూబాబాదు జిల్లాలో ఉన్నది. తమిళులకు అది పరభాష, పరరాజ్యము, ఎరుగని దేశము. తిరునెల్వేలి పల్లెల స్త్రీలు వంటకు తీసిన బియ్యములో పిడికెడు పక్కకు పెట్టి, తామెన్నడు చూడని తెలుగు ప్రజలకొరకు కానుక ఇచ్చిరి. ఆ పిడికెళ్ల ఫలమును మనము అనుభవించుచున్నాము. ఈ సంగతి మనము మరువరాదు.

కాని ఇతరులను పంపుట మాత్రమే చాలునా? పౌరుషము గలవాడు పొమ్మనడు, రమ్మనును. 1909లో అజరయ్యగారు గురుత్వాభిషేకము పొంది, పేరు ప్రతిష్ఠ తెచ్చిన పెద్ద ఉద్యోగమును విడిచి, తామే మిషనరీగా డోర్నకల్ వచ్చిరి. అప్పటికి ఆయన వయస్సు ముప్పది అయిదు. దేశమంతట ఇంగ్లీషులో ప్రసంగించిన ఆ మనుష్యుడు బడిపిల్లవానివలె అ ఆలు దిద్దుకొని తెలుగు నేర్చుకొనెను. మొదట గుడారములో కాపురముండిరి. చుట్టును అడవి, జ్వరములు, రైలు కూడలి దగ్గర కొన్ని ఇండ్లు. అంతే డోర్నకల్.

స్నేహము కోరిన ధైర్యము

1910లో స్కాట్లండు దేశమందలి ఎడింబరో నగరములో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. సుమారు 1200 మంది ప్రతినిధులు వచ్చిరి. వారిలో ఆసియా ఖండపువారు ఇరువదిమంది లోపే. వారిలో అజరయ్యగారు ఒకరు. విదేశ మిషనరీలకును దేశీయ సేవకులకును మధ్యనుండవలసిన సంబంధమునుగూర్చి మాటలాడుమని ఆయనను కోరిరి.

ఆయన మిషనరీల త్యాగమును కృతజ్ఞతతో ఒప్పుకొనిరి. అయితే దానితో ఆగక, దొరలు దేశీయ సేవకులను తమ బల్లయొద్ద కూర్చుండబెట్టుకొనుట అరుదనియు, యజమానునికిని పనివానికిని ఉన్నట్టి దూరము ఇరువురి మధ్యను ఉన్నదనియు నిర్భయముగా చెప్పిరి. ధనము, ప్రాణములుకూడ ధారపోసిన మిషనరీలను చివరకు స్నేహితులుగా ఉండుడని వేడుకొనిరి. ఆ మాట విని కొందరు నొచ్చుకొనిరి, కొందరు కోపగించుకొనిరి. అయితే ఆ సభలో పలుకబడిన మాటలన్నిటిలో ఎక్కువకాలము జ్ఞాపకముండినది అదియే.

ఇందులో మనము గమనింపవలసినది ఒకటున్నది. తనకంటె పైవారితో సమానత్వమునుగూర్చి మాటలాడుట సులభము. తనకంటె క్రింది వారని లోకము చెప్పువారిని సమానులుగా చూచుట కష్టము. దొరలు తనతో కలిసి భోజనము చేయవలెనని కోరిన అజరయ్యగారు డోర్నకల్‌కు తిరిగివచ్చి మాల మాదిగ పల్లెలలో వారితో కలిసి భోజనము చేసిరి. అందుచేతనే ఆయన మాటకు బలము కలిగెను.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని పరిశుద్ధ పౌలు దేవాలయములో ఆయన బిషప్పుగా అభిషేకింపబడిరి. ఆంగ్లికన్ సంఘములో భారతీయుడు బిషప్పగుట అదే మొదటిసారి. మద్రాసు బిషప్పైన హెన్రీ వైట్‌హెడ్‌గారు ఇందుకొరకు ఎంతో పాటుపడిరి. నల్లవాని క్రింద తెల్లవారు పనిచేయగలరా అని సంశయించినవారు ఉండిరి. మన దేశస్థులలోను ఓర్వలేనివారు ఉండిరి. అజరయ్యగారు ఎవరితోను వాదింపలేదు. తన పని చూచుకొనిరి. మొదట చిన్నదిగానుండిన ఆ అధ్యక్ష మండలమునకు తరువాత మచిలీపట్నము, బెజవాడ, ఏలూరు, దుమ్ముగూడెము మొదలగు ప్రాంతముల సంఘములు కలుపబడెను. ఆ విధముగా తమిళ గ్రామములో పుట్టిన మనుష్యుడు తెలుగు పల్లెలకు తండ్రియాయెను.

తలపై చేయి ఉంచుకొనిన సాక్షులు

ఆ దినములలో మన పల్లెల స్థితి యెట్టిదో మన తాతలు చెప్పగా విన్నాము. ఊరికి దూరముగా వాడ. ఊరి బావిలో చేద వేయుటకు వీలులేదు. దొర పిలిచిన వెట్టికి పోవలెను. చచ్చిన గొడ్డును ఈడ్చి, దాని మాంసము తినవలెను. కూలి డబ్బులలో సగము కల్లు పాకకు, మిగిలినది షాహుకారు వడ్డీకి. బిషప్పుగారు ఈ ప్రజలను చూచి, వారిని పట్టిన దయ్యములు నాలుగు అని చెప్పెడివారు. అవి మురికి, రోగము, అప్పు, త్రాగుడు. ఈ నాలుగు దయ్యములను వెళ్లగొట్టుట సువార్తపనిలో భాగమేగాని వేరుపని కాదని ఆయన బోధ.

ఆయన ఎద్దుబండి మీదను సైకిలు మీదను పల్లె పల్లెకు తిరిగిరి. పగలు ప్రజలు పొలములలో ఉందురు గనుక ఆరాధన సాయంకాలము, దీపము వెలుగున. చదువురాని కూలివారు కర్త నేర్పిన ప్రార్థనను, పది ఆజ్ఞలను, విశ్వాస ప్రమాణమును, బైబిలు కథలను నోటితో వల్లెవేసి నేర్చుకొనిరి. కీర్తనలు పాడి, భజనలు చేసి, కథలు ఆడి వాక్యమును తలకెక్కించుకొనిరి. పుస్తకము చదువలేనివాడు సాక్షి కాలేడని ఆయన ఎన్నడును తలంపలేదు.

ఆయన చేయించిన యొక ఆచారము మన సంఘములలో పెద్దలు ఇప్పటికిని చెప్పుకొందురు. బాప్తిస్మము పొందినవారిని తమ చేతిని తమ తలపై ఉంచుకొమ్మని చెప్పి, తాము బాప్తిస్మము పొందినవారమనియు, సువార్త చెప్పుట తమ మీద మోపబడిన బాధ్యతయనియు వారి నోట పలికించెడివారు. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక తొమ్మిదవ అధ్యాయములో పౌలు తననుగూర్చి చెప్పుకొనిన సంగతి అదియే. అభిషేక సమయమున గురువు తలపై బిషప్పు చేయి ఉంచును. కాని ఈ ఆచారములో కూలివాడును, ముసలమ్మయు, పడుచుపిల్లయు తమ తలపై తామే చేయి ఉంచుకొని సేవకు ప్రతిష్ఠింపబడిరి. సువార్త చెప్పుట పాస్టరుగారి పని, కానుక వేయుట మాత్రమే మన పని యను మాట అక్కడ చెల్లలేదు.

సంవత్సరమునకొక వారము సాక్ష్యపు వారముగా ఏర్పరచిరి. ఆ వారములో పాస్టర్లు మాత్రమే కాదు, సంఘస్థులందరును, స్త్రీలును పురుషులును, చుట్టుపట్ల ఊళ్లకు పోయి, తాము కనినదానిని విన్నదానిని చెప్పిరి. అక్షరము రానివాడు ఏమి చెప్పును? మునుపు తాగెడివాడను, ఇప్పుడు తాగుట లేదు అని చెప్పును. మునుపు దయ్యములకు భయపడి కోళ్లు కోసెడివాడను, ఇప్పుడు భయము లేదు అని చెప్పును. విన్నవాడు ఊరిలో విచారించుకొనును. అది నిజమైనచో ఆ సాక్ష్యమును కాదనగలవాడు ఎవడు? అబద్ధమైనచో ఆ వారమంతయు వ్యర్థమే.

ఇక్కడ ఒక ఆశ్చర్యకరమైన కార్యము జరిగెను. ఆంధ్ర దేశములో అనేక సంవత్సరములు మిషనరీలు పై కులములవారికి బడులు పెట్టి బోధించిరి. బాప్తిస్మము పొందినవారు బహు కొద్దిమంది. 1920ల తరువాత డోర్నకల్ మండలములో వ్యవసాయము చేయు శూద్ర కులములనుండి అనేకులు క్రీస్తునొద్దకు వచ్చిరి. ఎందుచేత? గొప్ప పండితుల ప్రసంగము విని కాదు. తమ పొలములో పనిచేయు మాల మాదిగ కూలివారిలో కలిగిన మార్పును చూచి. మునుపు దొంగిలించినవాడు కల్లములో గింజ ముట్టక కావలి కాయుట చూచిరి. మునుపు భార్యను కొట్టినవాడు సాయంకాలము పిల్లలతో కూర్చుండి కీర్తన పాడుట చూచిరి. ఊరు ఎవరిని అంటరానివారని నెట్టివేసెనో వారి చేతనే దేవుడు ఊరికి దీపము పెట్టించెను. బిషప్పుగారు ఈ సంగతిని దేశ విదేశములలో సంతోషముతో చెప్పెడివారు. 1930లో వైట్‌హెడ్‌గారితో కలిసి భారతదేశ గ్రామములలో జరుగుచున్న క్రీస్తు పనినిగూర్చి ఇంగ్లీషులో ఒక గ్రంథము కూడ వ్రాసిరి.

1935 నాటికి ఆ మండలములో 250 మంది భారతీయ గురువులును, రెండు వేలకు పైగా గ్రామోపాధ్యాయులును ఉండిరి. 1941 నాటికి సంఘస్థుల సంఖ్య రెండు లక్షలు దాటెను.

ఒకే పాత్ర

అయితే అంతయు సులభముగా జరిగినదని తలంపవద్దు. బాప్తిస్మము పొందిన పిమ్మటను మాలలు ఒక ప్రక్కను మాదిగలు ఒక ప్రక్కను కూర్చుండగోరిన సంఘములు ఉండెను. మీరు వస్తే మేము రాము అనిన మాటలు వినబడెను. పై కులమువాడు తమను నెట్టినందుకు ఏడ్చినవారే తమకంటె క్రింద నున్నాడని తలంచినవానిని నెట్టివేసిరి. బిషప్పుగారు ఈ విషయమున మెత్తబడలేదు. ప్రభువు బల్లయొద్ద రొట్టె ఒకటి, పాత్ర ఒకటి. ఆ పాత్రలో కలిసి త్రాగలేనివాడు బావియొద్ద తనకు జరిగిన అన్యాయమునుగూర్చి ఏ నోటితో మాటలాడును? ఇది ఆయన బోధ సారము. ఆయన స్వయముగా ఉభయుల ఇండ్లలోను భోజనము చేసిరి. ఆయన దినములలో ఆ వ్యాధి చాలవరకు తగ్గెను గాని పూర్తిగా పోలేదు. నేటికిని పోలేదని మనకు తెలియును.

ఇచ్చుటకు నేర్పిన బిషప్పు

బీదవారియొద్ద కానుక ఎట్లు అడుగుదుమని కొందరు జాలిపడిరి. అజరయ్యగారు అట్లు తలంపలేదు. బీదవానిని ఇయ్యనీయకపోవుట అతనిని ఎప్పటికిని బిచ్చగానిగా ఉంచుటయే యని ఎంచి, పిడికెడు బియ్యము, కోతపండుగలో ప్రథమ ఫలము, పెట్టిన మొదటి గుడ్డు, కాచిన మొదటి సొరకాయ, ఇవన్నియు దేవుని సన్నిధికి తెచ్చుట నేర్పిరి. క్రైస్తవుని ఈవినిగూర్చి ఆయన వ్రాసిన పుస్తకము అనేక భాషలలో చదువబడెను. ఆ కానుకలతోనే గ్రామ సంఘములు తమ పనివారిని పోషించుకొనుటకు మొదలుపెట్టెను. ఇచ్చుట నేర్చినవాడు తల యెత్తి నడచును.

ఆరాధన మన దేశపు రీతిగా ఉండవలెనని ఆయన కోరిక. క్రైస్తవుడగుట అనగా దొర బట్ట తొడుగుకొనుట కాదు. డోర్నకల్‌లోని ప్రత్యక్షతా దేవాలయమును చూచినవారికి ఇది తెలియును. దాని గోపురములును మినారులును మసీదులను, స్తంభములు దక్షిణ దేశపు గుడులను తలంపునకు తెచ్చును. వాటన్నిటిపైన సిలువ నిలిచియుండును. దేశమందలి జనులందరును తమ తమ శిల్పముతో క్రీస్తునకు నమస్కరించునట్లు దానిని కట్టిరి. ధనము చాలక ఆ పని ఎన్నో సంవత్సరములు సాగి, 1939 జనవరి 6న, జ్ఞానులు బాలయేసునకు కానుకలు తెచ్చిన పండుగనాడు, ప్రతిష్ఠింపబడెను.

ఆయన సతీమణి అన్బమ్మగారు బాలికల చదువునకును, తల్లుల కూటములకును ప్రాణము పెట్టి పనిచేసిరి. సేవకు తర్ఫీదు పొందవచ్చిన యువకుల భార్యలకును తర్ఫీదు ఇచ్చిరి. పాస్టరుగారి బోధను ఊరు ఆదివారము వినును, పాస్టరమ్మగారి సంసారమును దినదినము చూచును గదా!

నిందయు, దానికి జవాబును

1930ల కాలములో హరిజనుల మతాంతరమునుగూర్చి దేశములో పెద్ద వివాదము చెలరేగెను. గాంధీగారు మిషనరీల పనిని ఆక్షేపించిరి. బీదవారు ఆత్మీయ సంగతులు గ్రహింపక లౌకిక లాభమునకు మతము మారుచున్నారని అనేకుల అభియోగము. దేశమంతయు గౌరవించు గాంధీగారితో ఏకీభవింపకపోవుట అజరయ్యగారికి సులభము కాదు. ఆయనయు దేశభక్తుడే, స్వదేశీయుల నాయకత్వమునకై పాటుపడినవారే. అయినను మాదిగ కూలివానికి దేవుని ఎరుగు బుద్ధి లేదనుటను ఆయన ఒప్పుకొనలేదు. ఆ బీదవారి మారిన జీవితములనే సాక్ష్యముగా చూపిరి.

అదే సమయమున క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు కావలెనని కొందరు కోరగా ఆయన వ్యతిరేకించిరి. క్రైస్తవులు తమ లాభమునకు తాము గిరిగీసుకొని ఇంకొక కులమైనయెడల, పొరుగువారికి సాక్షులుగా ఎట్లుందురని ఆయన చింత. ఉప్పు కుండలోనే ఉండిపోయినచో కూరకు రుచి యెక్కడిది?

కలిసియుండుటయు సాక్ష్యమే

మిషనుల పేర్లను బట్టి క్రైస్తవులు వేరువేరుగా నుండుట ఆయనను బాధించెను. ఒక రేవులో నావ ఎక్కి వచ్చిన మిషనరీ ఈ తాలూకాకు వచ్చుటచేత మనము ఒక సంఘము, వేరొకరు ఆ తాలూకాకు పోవుటచేత వారు వేరొక సంఘము. ఒకే కులములో వివాహములు చేసుకొనువారు ఒకే బల్లయొద్ద ప్రభు భోజనము తీసికొనలేకపోవుట సువార్తకు అడ్డమని ఆయన చెప్పెడివారు. 1919లో తరంగంబాడిలో దేశీయ సేవకులు కూడి సంఘైక్యమునకు పునాది వేసిన సభలో ఆయన ముఖ్యులు. అది మొదలు ఇరువది అయిదు సంవత్సరములు ఆ పనికై పాటుపడిరి.

1945 జనవరి 1న, కొద్దిపాటి అస్వస్థత పిమ్మట, అజరయ్యగారు డోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించిరి. వయస్సు డెబ్బది. తాను కట్టించిన దేవాలయము చెంతనే ఆయన దేహము విశ్రమించుచున్నది. ఆయన కోరిన ఐక్యతను ఆయన కన్నులు చూడలేదు. మోషేవలె కొండమీదనుండి చూచిరి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఆయనను తలంచుకొని దేవుని స్తుతించినవారు అనేకులు.

మన సంఘమునకు ఈ జీవితము చెప్పునది

ప్రియులారా, అజరయ్యగారు వేసిన నాటు మనము. మన తాతలకు ఆయన కాలములో చదువు లేదు, భూమి లేదు, ఓటు లేదు. నేడు వారికి లేనివి అనేకము మనకున్నవి. బడులున్నవి, ఉద్యోగములున్నవి, డాబా ఇండ్లున్నవి, గుడికి మైకు ఉన్నది. అయితే ఒక ప్రశ్న మిగిలియున్నది. చదువురాని మన తాతను చూచి పొలపు యజమాని క్రీస్తును వెదకెను. చదువుకొనిన మనలను చూచి ఎవరు వెదకుచున్నారు?

మైకు శబ్దము ఊరికి వినబడును, నిజమే. కాని కిరాణా కొట్టువాడు మన బాకీ పుస్తకమును చూచును. పొరుగింటి అమ్మ గోడకు ఆవల మన కోపపు మాటలను వినును. కోడలు కట్నపు వేధింపుచే ఏడ్చిన ఇంట ఆదివారము కూటము పెట్టినయెడల దానినెవరు నమ్ముదురు? ఎన్నికలలో పంచిన సారాను పుచ్చుకొనిన చేతితో కరపత్రము పంచినయెడల దానినెవరు చదువుదురు? సాక్ష్యము చెప్పుటకు ముందు సాక్ష్యము కావలెను. మొదటి పేతురు మూడవ అధ్యాయములో అపొస్తలుడు చెప్పిన క్రమము కూడ ఇదియే. మనలోనున్న నిరీక్షణనుగూర్చి పొరుగువారే మనలను అడుగవలెను. అడిగినప్పుడు సాత్వికముతో జవాబు చెప్పుటకు మనము సిద్ధముగా ఉండవలెను. ఎవరి దేవుని దూషింపనక్కరలేదు, ఎవరితోను కలహింపనక్కరలేదు. అడుగుటకు తగిన జీవితము మనకు లేనప్పుడు మాత్రమే మనము కేకలు వేయవలసివచ్చును.

అట్లని మౌనముగా ఉండుటయు సరికాదు. దీపమును కుంచము క్రింద పెట్టువాడు నూనెను వ్యర్థము చేయును. నా మంచితనము చాలును, నోరు తెరువనక్కరలేదని తలంచువాడు, ఆ వెలుగు తనదేయని లోకమును నమ్మించుచున్నాడు. మారినవాడు తన్ను మార్చినవాని పేరు చెప్పవలెను. అందుచేతనే ఆ దినములలో తలపై చేయి ఉంచుకొని పలికించిరి.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు

1. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగింటిలో మన ఇంటిలో ఇంకను నిలిచియున్నది ఏది?

2. మన సంఘములో ఏ కుటుంబముతో కలిసి భోజనము చేయుటకు మనము వెనుకాడుచున్నాము? ఈ నెలలో వారిని ఇంటికి పిలువగలమా?

3. క్రీస్తు మనకు చేసిన మేలును ఈ సంవత్సరములో ఒక్క పొరుగువానితోనైనను చెప్పితిమా?

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, మా తాతలయొద్దకు నీ సేవకుని పంపి, ఊరు నెట్టివేసిన ప్రజలను నీ ప్రజలుగా చేసుకొన్నందుకు నీకు స్తోత్రము. మేము పొందిన బాప్తిస్మమును మాకు జ్ఞాపకము చేయుము. మా నోటి మాటయు మా ఇంటి నడతయు ఒక్కటిగా ఉండునట్లు మమ్మును దిద్దుము. మా పొరుగువారు మమ్మును చూచి నిన్ను వెదకుదురు గాక. ఒకే పాత్రలో పాలుపొందు మేము ఒకే హృదయముతో బ్రదుకునట్లు కృపనిమ్ము. మా ప్రభువైన యేసుక్రీస్తు ద్వారా వేడుకొనుచున్నాము. ఆమేన్.